పొడి వారంలో నీటి జాడ

సభాధ్యక్షులకు, ఆదివారం సాయంత్రం సముద్రపు గాలిని వదులుకుని మైలాపూరులోని ఈ చిన్న హాల్లోకి వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. నన్ను పిలవడానికి వచ్చిన మిత్రులు తుఫానుల గురించి మాట్లాడమని అడిగారు. చెన్నైలో వాతావరణం మీద ప్రసంగమంటే 2015 వరదలో, 2016 డిసెంబరులో వీధివీధినా చెట్లను పడగొట్టిన వర్దానో, 2023 డిసెంబరులో ఊరిని నీళ్లలో నిలబెట్టిన మిచౌంగో వినిపించాలని అనుకోవడం సహజమే. ముప్పై నాలుగేళ్లు వాతావరణ పరిశీలకుడిగా పనిచేసినవాణ్ణి కనుక వాటి గురించీ ఎంతో కొంత చెప్పగలను. అయితే ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది మన తలల మీదుగా ఏ చప్పుడూ లేకుండా గడిచిపోతున్న ఈ వారం గురించి. మాఘమాసం చివరికి వచ్చింది. వానచుక్క లేదు, ఉక్క లేదు, వణికించే చలీ లేదు. పగలు ఎండ హాయిగా ఉంది, తెల్లవారుజామున దుప్పటి కావాలనిపిస్తోంది. బులెటిన్‌లో మాత్రం ఒకే వాక్యం: వాతావరణం పొడిగా ఉండే అవకాశం ఉంది. ఈ వాక్యం నా చేతుల మీదుగా కొన్ని వేలసార్లు వెళ్లి ఉంటుంది. వెళ్లిన ప్రతిసారీ, ఇవాళ చెప్పడానికి ఏమీ లేదు అన్న అర్థంలోనే దాన్ని పంపాను. అలా పంపడం పొరపాటని ఉద్యోగం విడిచాక గాని నాకు తోచలేదు.

పొడి అనే మాట మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. పొడి వారమంటే నీటికి సంబంధించిన పనులన్నీ ఆగిపోయిన వారమని మనం అనుకుంటాం. నిజానికి వానాకాలంలో నీరు కంటికి కనబడేలా, చెవికి వినబడేలా కదులుతుంది. ఇలాంటి వారంలో అంతకు తక్కువ కాని పట్టుదలతో, కనబడకుండా కదులుతుంది. ఈ ఏడు రోజుల్లో నీరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో వెతుక్కుంటూ వెళ్దాం. ఈ పూటకు నా ప్రసంగమంతా అదే.

ముందుగా ఈ పొడితనం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. మన వాతావరణ శాఖ లెక్కలో జనవరి, ఫిబ్రవరి నెలలే శీతాకాలం. ఈశాన్య రుతుపవనాలు సంక్రాంతి నాటికి దాదాపుగా సెలవు తీసుకుంటాయి. ఆ సమయంలో సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణాన ఉంటాడు కనుక వానమబ్బుల పట్టీ కూడా దక్షిణానికి దిగి, జావా దీవి మీద, ఆస్ట్రేలియా ఉత్తర తీరం మీద కుండపోతగా కురుస్తూ ఉంటుంది. అక్కడ పైకి లేచిన గాలి తనలోని నీటిని అక్కడే దించేసుకుని, పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లి, పైనుంచి ఉత్తరంగా ప్రయాణించి, మన దేశం నడిమి భాగం మీద నెమ్మదిగా కిందికి దిగుతుంది. ఇంత పెద్ద చక్రం ఒకటి ఉండి ఉండాలని 1735లోనే జార్జ్ హాడ్లీ అనే ఇంగ్లండు న్యాయవాది ఊహించాడు. ఆయన వృత్తి న్యాయవాదం, వ్యసనం వాతావరణం. ఇలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు ఉంటారు, ఈ హాల్లోనూ ఉన్నారని నాకు అనుమానం.

ఆ దిగే గాలి మహా నెమ్మది, రోజుకు కొన్ని వందల మీటర్లు దిగితే గొప్ప. కాని దిగే గాలికి ఒక గుణం ఉంది. కిందికి వచ్చిన కొద్దీ పై గాలి బరువు దాన్ని నొక్కుతుంది, నొక్కిన కొద్దీ అది వేడెక్కుతుంది. సైకిలు ట్యూబుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చేతికి వెచ్చగా తగలడం మీరందరూ ఎరుగుదురు. పొడిగాలి కిలోమీటరు దిగితే సుమారు పది డిగ్రీలు వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి ఇంకా ఎక్కువ ఆవిరిని మోయగలదు, మోయడానికి దాని దగ్గర ఉన్నదేమో అతి కొంచెం. అందుకని అది ఎప్పుడూ దాహంతోనే ఉంటుంది. మబ్బు కట్టాలంటే గాలి పైకి లేవాలి, ఇక్కడ మొత్తం గాలి కిందికే దిగుతోంది. ఇంకెక్కడి మబ్బు? మనం ఈ వారం అనుభవిస్తున్న నీలాకాశం ఒక రకంగా చెప్పాలంటే జావా దీవిలో కురిసిన వానకు మిగిలిన పిప్పి.

మీలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు కనుక ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. డెన్వర్ వైపు మైదానాల్లో ఉన్న పిల్లలు ఫిబ్రవరిలో ఫోను చేసి, నిన్నటిదాకా మంచుగడ్డ, ఇవాళ చొక్కాతో తిరుగుతున్నాం అంటే నమ్మండి. రాకీ పర్వతాలు దాటి మైదానం మీదికి జారే గాలి కూడా ఈ సూత్రం ప్రకారమే వేడెక్కుతుంది, దాన్ని అక్కడ చినూక్ అంటారు. 1943 జనవరి 22న దక్షిణ డకోటాలోని స్పియర్‌ఫిష్ అనే ఊళ్లో ఉష్ణోగ్రత రెండు నిమిషాల్లో సున్నాకు ఇరవై డిగ్రీల దిగువ నుంచి ఏడు డిగ్రీల పైకి లేచింది. మన గాలి అలాంటి గారడీలు చేయదు. వారాల తరబడి మీద చేయి వేసి మెల్లగా నొక్కుతుంది, అంతే.

ఇక నేలకు దిగుదాం. వాతావరణ పరిశీలన కేంద్రంలో తెల్లరంగు వేసిన ఒక చెక్కపెట్టె ఉంటుంది. నాలుగు గోడలూ కిటికీ రెక్కల్లా ఏటవాలు పలకలతో చేసి ఉంటాయి. గాలి ఆడాలి, ఎండ పడకూడదు. అందులో రెండు థర్మామీటర్లు పక్కపక్కన నిలబడి ఉంటాయి. ఒకదాని బల్బుకు పలుచని మల్లు గుడ్డ చుట్టి, దాని వత్తిని చిన్న నీటి బుడ్డిలో ముంచుతాం. దాన్ని తడి బల్బు అంటాం, రెండోది పొడి బల్బు. గుడ్డలోని నీరు ఆవిరైన కొద్దీ తడి బల్బు చల్లబడుతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. నవంబరు ముసురులో ఈ రెండూ అన్నదమ్ముల్లా ఒకే అంకె చూపిస్తాయి. మాఘమాసం మధ్యాహ్నం లోపలి జిల్లాల్లో పెట్టె తలుపు తీస్తే పొడి బల్బు 33 దగ్గర, తడి బల్బు 21 దగ్గర ఉంటాయి. పన్నెండు డిగ్రీల ఎడం. ఆ ఎడమే ఆ గాలి దాహానికి కొలత. అలాంటి వారాల్లో బుడ్డిలో నీళ్లు రోజూ పోయాలి, లేకపోతే వత్తి ఎండి, తడి బల్బు కూడా పొడి బల్బు అంకే చూపిస్తుంది, రిజిస్టరులో మాత్రం వానాకాలం వచ్చినట్టు కనబడుతుంది. ఆ బుడ్డిని నింపేటప్పుడల్లా నాకు అనిపించేది, ఈ పెట్టెలోంచి పోయిన నీళ్లు ఇన్ని అయితే చుట్టూ ఉన్న చేలలోంచి, చెరువుల్లోంచి పోయినవి ఎన్ని అని.

ఆ లెక్క ఈ ఊరివాళ్లకు చాలా అవసరం. ఫిబ్రవరిలో ఈ ప్రాంతంలో తెరిచి ఉన్న నీటి మీద నుంచి రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల మందం ఆవిరవుతుందనుకుందాం. కంటికి ఆనే మందం కూడా కాదు. కాని చదరపు కిలోమీటరు నీటిమట్టం మీద అది రోజుకు 50 లక్షల లీటర్లు, వారానికి మూడున్నర కోట్ల లీటర్లు. 12 వేల లీటర్ల ట్యాంకరు లారీలతో తోడితే 2,900 లారీలు. ఇప్పుడు పుళల్, పూండి, చెంబరంబాక్కం చెరువులు ఎన్నేసి చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉన్నాయో తలచుకోండి. కృష్ణ నీళ్లు అన్ని వందల కిలోమీటర్లు కాలువల్లో పారి, కండలేరు దాటి, పూండికి చేరి, అక్కడి నుంచి మన కుళాయికి వచ్చేలోగా ఎండకు, గాలికి పన్ను కట్టుకుంటూనే వస్తాయి. 2019 వేసవిలో ఈ ఊరి చెరువులు నెర్రెలిచ్చినప్పుడు అందరూ జూన్ ఎండను తిట్టారు. ఫిబ్రవరి నుంచే నీరు నిశ్శబ్దంగా పోతూ వచ్చిన సంగతి ఎవరి నోటా రాలేదు. వర్షాలు తప్పిపోవడం అసలు కారణమన్నది నేను కాదనడం లేదు. పోయేదాన్ని కూడా ఖాతాలో రాయాలి అంటున్నాను.

ఇంత నీరు గాలిలోకి పోతే, అది అక్కడే ఉండిపోతుందా? అందులో కొంత రాత్రికి తిరిగి వస్తుంది. ఇక్కడే ఈ వారంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఉంది.

పగలంతా నేల ఎండను తాగి వేడెక్కుతుంది. సూర్యాస్తమయం తర్వాత ఆ వేడిని ఆకాశంలోకి వదలడం మొదలుపెడుతుంది. మబ్బులుంటే, గాలిలో ఆవిరి దండిగా ఉంటే, అవి కప్పుకున్న కంబళిలా ఆ వేడిని పట్టి మళ్లీ కిందికి పంపుతాయి. పొడి వారంలో కంబళి లేదు. నేల వేడి తిన్నగా అంతరిక్షంలోకి పోతుంది. అందుకనే కర్నూలు, అనంతపురం వైపు ఇదే వారంలో పగటికీ రాత్రికీ పదిహేను డిగ్రీల తేడా కనిపిస్తుంది, మనకు చెన్నైలో సముద్రం పుణ్యమా అని అది తొమ్మిది, పది డిగ్రీలతో సరిపోతుంది. నేల కంటే గడ్డిపోచ, ఆకు ఇంకా త్వరగా చల్లబడతాయి, ఎందుకంటే వాటిలో దాచుకున్న వేడి తక్కువ. అలా ఆకు చుట్టూ ఉన్న గాలికంటే రెండు మూడు డిగ్రీలు చల్లబడేసరికి, గాలిలో మిగిలిన ఆ కాస్త ఆవిరి దాని మీద బొట్లుగా దిగుతుంది. దాన్ని మనం మంచు పడింది అంటాం. మన భాషలో మంచు అనే ఒక్క మాట ఆకు మీది బొట్టుకూ, తెల్లవారుజామున రోడ్డును కప్పే పొగకూ, హిమాలయాల మీది తెల్లని రాశికీ, సోడాకొట్టులో గడ్డకూ సరిపోతోంది. చలి ఎక్కువ ఎరుగని జాతి ఒక్క మాటతో పొదుపుగా సంసారం చేసుకుంది. దానికి నేను నొచ్చుకోవడం లేదు, పరిశీలకుడిగా రిజిస్టరు నింపేటప్పుడు మాత్రం ఏ మంచో అడిగి తెలుసుకోవలసి వచ్చేది.

మా అమ్మమ్మగారిది నంద్యాల వైపు నల్లరేగడి ఊరు. అక్కడ శనగ పైరును అక్టోబరు, నవంబరులో విత్తుతారు. ఆ తర్వాత వాన పడకపోయినా, నల్లరేగడి కడుపులో దాచుకున్న తేమతో, రాత్రిపూట పడే మంచుతో పైరు వంద రోజుల్లో పంటకు వస్తుంది. శనగ ఆకుల మీద సన్నని నూగు ఉంటుంది, ఆ నూగు కొసల నుంచి పులుపు ఊరుతుంది, అందులో మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు ఉంటాయి. తెల్లవారకముందే అమ్మమ్మ ఒక పాత పంచెను తీసుకెళ్లి చేను మీద ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా పరిచేది. మంచూ పులుపూ కలిసి గుడ్డకు పట్టేవి. కాసేపయ్యాక రెండు వైపులా పట్టుకుని ఒక మట్టిపాత్రలోకి పిండేవాళ్లం. పిండిన చేతికి ఎక్కడైనా గీత ఉంటే చురుక్కుమనేది, పగిలిన మడమలతో ఆ చేలో నడిచినవాడికి మంచు ఎంత పుల్లగా ఉంటుందో ఒకరు చెప్పనక్కరలేదు. ఆ పులుసును సీసాలో పోసి దాచి, కడుపునొప్పి అన్నవాడికి చెంచాడు పట్టించేది. ఎనిమిదేళ్ల వయసులో నేను చూసిన మొదటి వాతావరణ పరికరం ఆ పంచెయే అని ఇప్పుడు అనిపిస్తోంది. వాన లేని వారంలో ఆకాశం నుంచి దిగిన నీటిని చేతితో పిండి చూపించింది అది.

ఎంత నీరు అంటారా? ఒక్క రాత్రి మంచు పావు మిల్లీమీటరు ఉంటుందనుకోండి. ఎకరానికి వెయ్యి లీటర్లు. వానతో పోలిస్తే ఏమీ కాదు, దానితో పైరు దాహం తీరదు. కాని సూర్యుడొచ్చాక ఓ గంటా గంటన్నర సేపు ఎండ ముందుగా ఆ బొట్లను ఆర్పడానికి ఖర్చవుతుంది, అంతసేపు ఆకు తన లోపలి నీటిని దాచుకోగలుగుతుంది. పంట మంచు తాగి బతుకుతుంది అనే మాట పుస్తకం ప్రకారం అతిశయోక్తే, రైతు నోట అది పూర్తిగా అబద్ధం మాత్రం కాదు.

అదే మంచు ఇంకో రైతుకు గొంతు మీద కత్తి. గుంటూరు, పల్నాడు వైపు ఈ వారాల్లో కల్లాలన్నీ ఎర్రగా ఉంటాయి. నూరు కిలోల పండుమిర్చిలో ముప్పాతిక వంతు నీరే. యార్డుకు వెళ్లేనాటికి అందులో తేమ పది శాతం దగ్గరికి రావాలి. లెక్క కడితే నూరు కిలోల కాయ ఎండి ఇరవై ఎనిమిది కిలోలు తూగుతుంది, డెబ్భై రెండు కిలోల నీరు గాలిలో కలుస్తుంది. ఆ నీటిని తీసుకెళ్లే కూలీ ఈ పొడిగాలి. ఎండ కూడా కావాలి గాని, ఎండ మరీ చురుకైతే కాయ రంగు వెలిసి తాలు పడుతుంది, ఏప్రిల్ ఎండకంటే ఈ నెల ఎండే కాయకు మేలని కల్లంలో పనిచేసేవాళ్లు అంటారు. పగలంతా కాయ వదిలిన తేమను రాత్రి మంచు తిరిగి తెచ్చి పెడుతుంది. అందుకని పొద్దు వాలగానే కాయను కుప్పలుగా లాగి పట్టాలు కప్పుతారు, పొద్దున మంచు ఆరిన తర్వాతే పట్టా తీసి మళ్లీ నెరుపుతారు. తొందరపడి ఏడింటికే పట్టా లాగితే దాని పైన నిలిచిన నీళ్లన్నీ కాయల మీదికే జారతాయి. బూజు పట్టేది అక్కడే. వాతావరణం పొడిగా ఉండే అవకాశం ఉంది అని మేం పంపిన వాక్యాన్ని ఆ రైతు నమ్మి, రాత్రి పట్టా కప్పకుండా పడుకుంటే, తెల్లారేసరికి మా వాక్యం తప్పు కాదు, ఆయన నష్టమూ అబద్ధం కాదు. ఆకాశం ఎంత తేటగా ఉంటే అంత మంచు పడే అవకాశం ఉందని ఇంకొక్క వాక్యం చేరిస్తే మా సొమ్మేం పోయేది?

మామిడి గురించి రెండు ముక్కలే చెబుతాను, ఎందుకంటే మామిడి పేరెత్తితే ఈ సభ భోజనానికి లేస్తుంది. పూత రావడానికి చల్లని రాత్రులు, ఎండిన నేల కావాలి. పూత నిలవడానికి ఇలాంటి పొడి రోజులు కావాలి. రాత్రి చలితోపాటు తేమ ఎక్కువైతే బూడిద తెగులు పూతను కాజేస్తుంది, తేనెమంచు పురుగు ఆకుల మీద జిగురు కక్కుతుంది. చూశారా, ఆ పురుగు పేరులోనూ మంచే.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. కనిష్ఠ ఉష్ణోగ్రత కొలిచే థర్మామీటరులో పాదరసం ఉండదు, ఆల్కహాల్ ఉంటుంది. ఆ గొట్టంలో రెండు చివర్లా చిన్న గుండ్లున్న ఒక గాజుపుల్ల పడి ఉంటుంది. రాత్రి చలి పెరిగిన కొద్దీ ద్రవం వెనక్కి తగ్గుతూ ఆ పుల్లను వెంట లాక్కుపోతుంది. పొద్దున వేడెక్కాక ద్రవం పుల్లను అక్కడే వదిలేసి ముందుకు పోతుంది. ఉదయం 8:30కి మేం వెళ్లి, బల్బుకు దూరంగా ఉన్న చివర ఏ గీత దగ్గర ఉందో చదివి రాస్తే అది రాత్రి కనిష్ఠం. ఉద్యోగంలో చేరిన మొదటి శీతాకాలంలో, ఏ ఊరో చెప్పను, మూడు రోజులు వరుసగా బల్బు వైపు చివరను చదివాను. నాలుగైదు డిగ్రీలు తక్కువ పడింది. మా పెద్దాయన రిజిస్టరు చూసి, కళ్లజోడు పైకెత్తి, "అబ్బాయ్, నువ్వు రాసిన చలి నిజమైతే రాత్రి నేను గోనెసంచిలో దూరి పడుకుని ఉండాలి. నేను లుంగీతో ఆరుబయట పడుకున్నానే" అన్నారు. పరికరంతోపాటు ఒళ్లు కూడా చదవాలని ఆ రోజు తెలిసింది.

చలి అంటే గుర్తొచ్చింది. చెన్నైకి చలికాలం లేదని ఎగతాళి చేసేవాళ్లకు ఒక తేదీ చెబుతాను. 1905 జనవరి 29న ఈ ఊళ్లో 13.9 డిగ్రీలు నమోదైంది. 1895 డిసెంబరులో ఒకసారి ఇదే అంకె వచ్చింది. ఇంత పాత లెక్కలు మనకు ఎలా ఉన్నాయంటారా, నుంగంబాక్కంలో 1792లో కట్టిన మద్రాసు అబ్జర్వేటరీ వల్ల. జాన్ గోల్డింగ్‌హామ్ 1796 నుంచి అక్కడ వాతావరణ లెక్కలు రాయించాడు. ఆ కాలపు నల్లరాతి స్తంభం ఇప్పటికీ వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది, దాని మీద లాటిన్‌తో, తమిళంతోపాటు తెలుగులో కూడా చెక్కించారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు పని మీద వచ్చినప్పుడల్లా దాని దగ్గరికి వెళ్లి ఆ తెలుగు అక్షరాల మీద చేయి వేసి వచ్చేవాణ్ణి. ఆ అబ్జర్వేటరీలోనే చదువుకున్న మన గోడే వెంకట జగ్గారావుగారు 1840లో విశాఖపట్నంలో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టారు. జమీందారు తలచుకుంటే ఏనుగులు కొనవచ్చు, ఆయన దుర్భిణి కొన్నారు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది అని మన సామెత. లెక్క కూడా దానితో ఒప్పుకుంటుంది. డిసెంబరు 21 మధ్యాహ్నం చెన్నైలో సూర్యుడు దక్షిణ దిక్కున 53 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఫిబ్రవరి 20 నాటికి 66 డిగ్రీలకు ఎక్కుతాడు. ఏప్రిల్ చివరి వారంలో సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు. రథసప్తమినాడు తల మీద, భుజాల మీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తాం, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడతాం. రథం ఉత్తరానికి తిరిగిందన్న మాట ఆనాటికి కంటికి కనబడేంత నిజమవుతుంది. మా ఆఫీసులో కూడా ఒక రథసప్తమి ఉండేది. ఎండ గంటలు కొలవడానికి ఒక గాజుగోళం ఉంటుంది. దాని వెనుక గంటల గీతలున్న అట్ట పెడతాం. ఎండ గోళంలోంచి కేంద్రీకరించి ఆ అట్టను కాలుస్తూ పోతుంది. మబ్బు వస్తే కాలడం ఆగుతుంది. ఇలాంటి వారంలో ఏడు అట్టలూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి, పొద్దున గోళం మీది మంచును గుడ్డతో తుడిచిన దగ్గర నుంచి సాయంత్రం దాకా ఒకే నల్లని గీత, పది గంటలకు చేరువగా. చలికాలపు అట్ట వంపు తిరిగి పొట్టిగా ఉంటుంది. ఫిబ్రవరి ఆఖరున దాన్ని పక్కన పెట్టి తిన్నని అట్ట తీస్తాం. ఆ కొత్త కట్ట విప్పిన రోజే నాకు శీతాకాలం ముగిసేది.

హాయి అనే మాట దగ్గర కాస్త ఆగాలి. మనకు హాయి అయిన ఫిబ్రవరి ఉత్తరాది మైదానాల్లో గోధుమకు హాయి కాకపోవచ్చు. పంజాబు, హర్యానాల్లో ఈ వారాల్లో గోధుమ గింజ పాలు పోసుకుంటూ ఉంటుంది. రాత్రులు చల్లగా ఉన్నంతకాలం గింజ నెమ్మదిగా నిండుతుంది, వేడి ముందే వస్తే పైరు తొందరపడి పండిపోతుంది, గింజ సన్నగా తేలుతుంది. 2022 మార్చి 1901 తర్వాత దేశంలో అత్యంత వేడి మార్చి. పంట తగ్గి, ఆ ఏడాది మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులు ఆపింది. 2023 ఫిబ్రవరి పగటి ఉష్ణోగ్రతల్లో రికార్డు, 2025 ఫిబ్రవరి సగటు ఉష్ణోగ్రతలో రికార్డు, 22.04 డిగ్రీలు, మామూలుకంటే 1.34 ఎక్కువ. ఈ అంకెలు పేపర్లో లోపలి పేజీలో వచ్చి పోయాయి, ఎందుకంటే చెట్టు పడలేదు, పడవ మునగలేదు. నన్నడిగితే తుఫాను అంతటి వార్త అది. రాత్రి చలి ఒక్క డిగ్రీ తగ్గితే మంచు ఎంత తగ్గుతుంది, శనగ ఎన్ని రోజులు ముందుగా ఎండుతుంది అన్నది చేలో దిగి చూస్తున్నవాడికే తెలుస్తుంది. అందుకని బులెటిన్‌లో గరిష్ఠంతోపాటు కనిష్ఠాన్ని కూడా చదవండి. ఈ నెలలో అసలు కథ ఆ రెండో అంకెలో ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగవచ్చు.

(సభికుల్లో ఒక మహిళ: గుమ్మడికాయ తెచ్చి పెట్టాను మాస్టారూ. వడియాలు ఈ వారం పెట్టుకోవచ్చా? మా అత్తగారు శివరాత్రి వెళ్లాకే పెట్టాలనేవారు.)

నిరభ్యంతరంగా పెట్టుకోండమ్మా. మీ అత్తగారి కాలంలో మీ ఇల్లు ఎక్కడ?

(మహిళ: తెనాలి దగ్గర.)

అక్కడైతే ఆవిడ అన్నది సబబే, మాఘంలో ఆ వైపు మంచు ఎక్కువ, డాబా తొమ్మిదింటికి గాని ఆరదు. ఇక్కడ చిక్కు వేరు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగ్గానే తేమ మోసుకొస్తుంది. అంచేత పొద్దున మంచు ఆరిన వెంటనే పెట్టండి, పది నుంచి ఒంటిగంట దాకా పడే ఎండ మీ అసలు పెట్టుబడి. మొదటి రోజు గుడ్డ మీద కదపకండి. పొద్దు వాలకముందే గుడ్డతో సహా లోపలికి తెచ్చి ఫ్యాను కింద పెట్టండి, ఒక్క రాత్రి డాబా మీద మరిచిపోయారా, పగలంతా ఇచ్చిన నీటిని తెల్లారేసరికి అవి తిరిగి తాగేస్తాయి.